మడత

కాజీపేట నుంచి జనగామకు పాసింజరు బండిలో ఇంచుమించు గంట ప్రయాణం. పెండ్యాల, ఘన్‌పూర్, రఘునాథపల్లి స్టేషన్లు దాటుతూ సాగే ఆ గంటలో కూర్చోవడానికి చోటు దొరికిన రోజున పుస్తకం చదువుకోవడం, దొరకని రోజున నిలబడి నిన్న చదివినదాన్ని నెమరువేసుకోవడం జనగామలోని ఒక జూనియర్ కళాశాల తెలుగు అధ్యాపకుడికి ఇరవై ఏళ్ల అలవాటు. ఆయన భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డసంచి వేలాడుతూ ఉండేది. అందులో అన్నం గిన్నె, నీళ్ల సీసా, రెండు పుస్తకాలు, కళ్లజోడు. 2022 దసరా సెలవుల తరువాత ఆ సంచిలో పుస్తకాల బరువు తగ్గింది. దాని స్థానంలో ఆయన చేతికి కొత్త పరికరం ఒకటి వచ్చింది. చూడడానికి అది కాస్త దళసరిగా, సన్నగా, పొడవుగా ఉన్న చరవాణి. రెండు చేతులతో పట్టుకొని విప్పితే పుస్తకంలా తెరుచుకొంటుంది. విద్యార్థులకు ఇటువంటివి కంటపడితే ఇక పేరు పెట్టకుండా ఉండలేరు. వారం తిరగకముందే ఆయన 'మడత సారు' అయినారు.

ఆ ఫోను ఆయన కొన్నది కాదు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కూతురు ఏడాది పాటు వాడి, తాను మరొకటి తీసుకొని, బతుకమ్మ పండుగకు ఇంటికి వచ్చినప్పుడు తండ్రి చేతిలో పెట్టింది. ఆయన మొదట వద్దన్నారు. ''గొడుగు మడుస్తున్న, కండ్లద్దాలు మడుస్తున్న, ఇగ ఫోను గూడ మడవాల్నా?'' అని నవ్వి పక్కన పెట్టారు. ఆమె వాదించలేదు. ఆయన తరచుగా చదివే పాత పుస్తకం ఒకదాని పుటను దానిలో తెరిచి, ''ఒక్కసారి విప్పి సూడు బాపూ'' అని మాత్రం అన్నది. ఆయన విప్పి చూశారు. చాలాసేపు మూయలేదు.

ఆ పుటలో అంత విశేషమేమిటో తెలియాలంటే తెలుగు పాత పుస్తకాలు అంతర్జాలంలోకి చేరిన తీరు తెలియాలి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటరు రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో అందుకొన్న రాజ్ రెడ్డి నాయకత్వంలో, ఈ శతాబ్ది ఆరంభంలో పది లక్షల పుస్తకాలను కంప్యూటరుకు ఎక్కించాలనే మహాప్రయత్నం జరిగింది. అందులో భాగంగా మన దేశంలో వెలసిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, గ్రంథాలయాల్లో చెదలకు దగ్గరై ఉన్న వేల తెలుగు గ్రంథాలను పుటపుటగా ఛాయాచిత్రాలు తీయించి భద్రపరిచింది. వాటి ప్రతులు నేడు ఇంటర్నెట్ ఆర్కైవులో ఎవరికైనా దొరుకుతాయి. ఒకప్పుడు రాజమండ్రికో మద్రాసుకో ప్రయాణం కడితే తప్ప కంటికి కనబడని పుస్తకం పల్లెటూరి అరుగు మీద కూర్చున్నవాడికి కూడా అందిందంటే అది సామాన్యమైన మేలు కాదు. కాని ఒక చిక్కు ఉన్నది. అవి అక్షరాలు కావు, అక్షరాల బొమ్మలు. వార్తాపత్రిక చదివేటప్పుడు ఫోను తెరకు తగినట్టు పంక్తులు తమంతట తామే విరిగి సర్దుకొంటాయి. బొమ్మ అట్లా సర్దుకోదు. సాధారణమైన ఫోను తెర వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లు. పాత డెమీ సైజు పుస్తకం పుట వెడల్పు దానికి రెట్టింపు. ఆ పుటను ఈ తెరలో ఇమిడిస్తే అక్షరాలు చీమల బారు అవుతాయి. పెద్దది చేస్తే పంక్తి సగంలోనే తెగి, మిగిలిన సగం కోసం వేలితో లాగవలసి వస్తుంది. ఇంగ్లీషు చదివేవారికి ఈ బాధ కొంత తక్కువ. తెలుగు అక్షరం కింద ఒత్తు ఉంటుంది, ఒత్తు కింద మరొక ఒత్తు ఉంటుంది, పైన గుడి ఉంటుంది. యాభై దాటిన కంటికి గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియకపోతే పద్యంలో గణం తప్పుతుంది, ఒక్కొక్కచోట అర్థమే తప్పుతుంది.

విప్పిన తెర వెడల్పు దాదాపు 13 సెంటీమీటర్లు. చుట్టూ ఉన్న ఖాళీ అంచులు పోగా పుట మొత్తం అందులో నిండుగా నిలిచింది. పద్యం పైన, ప్రతిపదార్థం కింద, అడుగున చిన్న అక్షరాల్లో పాఠాంతరం. వేలు కదపకుండా కన్ను మాత్రమే కదిపి చదివే సుఖం ఆయనకు చాలాకాలం తరువాత దొరికింది. వెయ్యి పుస్తకాలున్న బీరువాను చొక్కా జేబులో వేసుకొని తిరగవచ్చునని ఆయన అంతకుముందే విన్నారు. ఆ బీరువాలోని పుస్తకాన్ని పుస్తకంలాగానే తెరవవచ్చునని ఆ రోజే తెలిసింది.

అయితే కొత్త వస్తువుతో కాపురం మొదలైన తరువాత గాని దాని స్వభావం బయటపడదు. దీనికి రెండు చేతులు కావాలి. బండిలో నిలబడి ఒక చేత్తో పై కమ్మీ పట్టుకొన్నవాడికి విప్పడం కుదరదు. అప్పుడు పైన ఉన్న చిన్న తెరే గతి. ఎవరైనా పిలిస్తే మాట్లాడడానికి, గడియారం చూడడానికి, డబ్బు చెల్లించడానికి అది చాలు. లోపలి తెర మీద గోరు గట్టిగా ఆనకూడదు. పైపొర మెత్తనిది, గోటి గుర్తు పడుతుంది. జేబులో తాళం చెవులు, చిల్లర నాణేలు దానితో కలిసి ఉండకూడదు. బరువుకు చొక్కా జేబు ఒకవైపు జారుతూ ఉంటుంది. ఇన్ని నియమాలున్నా ఆయన విసుక్కోలేదు. సగం మడిచి బల్ల మీద నిలబెడితే అది వ్యాసపీఠంలా నిలుస్తుందని ఆయన కనిపెట్టారు. తెరను రెండు భాగాలు చేసి, ఎడమవైపు కావ్యం, కుడివైపు ఆంధ్రభారతి నిఘంటువు తెరిచి ఉంచుకొనేవారు. పూర్వం ఇదే పనికి బల్లంతా పుస్తకాలు పరిచి, ఒకదాని మీద ఒకటి బోర్లించి, వెదికిన మాట దొరికేసరికి ఏ పద్యం కోసం వెదుకుతున్నారో మరచిపోయేవారట.

ఇంట్లో ఆ ఫోనును అందరికంటె ఎక్కువ పరీక్షగా చూసినది ఆయన తల్లి. ఎనభై ఏళ్లు దాటిన మనిషి, కంటికి శుక్లాల చికిత్స జరిగింది. విప్పిన తెరలో మనుమరాలి పెళ్లి ఛాయాచిత్రాలు చూసి సంతోషించి, కొడుకు దాన్ని మూయబోతే చేయి అడ్డం పెట్టింది. ''గిట్ల మడిస్తె లోపలున్నోళ్లు నలుగరా కొడుకా?'' అన్నది. ఆ ప్రశ్నకు ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆమె నవ్వలేదు.

ఆమెకు మడతల సంగతి బాగా తెలుసు. ఇంట్లో రేకుపెట్టె అడుగున ఆమె పెళ్లినాటి పట్టుచీర ఒకటి ఉండేది. ఏడాదికి రెండుసార్లు దాన్ని బయటికి తీసి, నీడన ఆరబెట్టి, మళ్లీ మడిచేది. ఎప్పుడూ పాత మడత మీద మడవదు. క్రితంసారి మూడు మడతలైతే ఈసారి నాలుగు, క్రితంసారి లోపలికైతే ఈసారి బయటికి. ''ఒక్క తీరుగ మడిచి పెడితె జరీ అక్కడ్నే తెగుతది. మడత మార్సాలె'' అనేది. అదే పెట్టెలో చీర కింద భూమి కాగితం ఒకటి ఉండేది. దాన్ని ఆమె భర్త నాలుగు మడతలు పెట్టి దాచాడు. నలభై ఏళ్లు ఎవరూ దాని మడత మార్చలేదు. కాగితం నాలుగు ముక్కలైంది. ముక్కలైనందుకు విచారం లేదు, అతికించవచ్చు. కాని మడత సరిగ్గా విస్తీర్ణం రాసిన పంక్తి మీదుగా పోయింది. ఎన్ని గుంటలో చెప్పే అంకె ఆ చీలికలో రాలిపోయింది. అది మూడో ఎనిమిదో తేల్చుకోవడానికి ఆ కుటుంబం తహశీలు కార్యాలయం చుట్టూ రెండేళ్లు తిరిగింది.

వస్తువు ఏదైనా వంచినప్పుడు దాని వెలుపలి వైపు సాగుతుంది, లోపలి వైపు నొక్కుకుపోతుంది, నడుమ ఒక పొర మాత్రం సాగకుండా కుంచించుకోకుండా ఉంటుంది. ఎంత మందంగా ఉంటే వెలుపలి సాగుదల అంత ఎక్కువ. మందం సగమైతే అదే వంపులో సాగుదల కూడా సగమే. ఈతచాప చుట్టుకొంటుంది, పలక విరుగుతుంది. తాటాకును అడ్డంగా మడిస్తే ఈనె దగ్గర పగులుతుంది గనుకనే పూర్వులు దానికి రంధ్రం చేసి, తాడు గుచ్చి, రెండు చెక్కల నడుమ కట్టారు గాని మడవడానికి ప్రయత్నించలేదు. మడిచే అవసరం వచ్చినప్పుడు వారు మరొకటి వాడారు. తెలుగు, కన్నడ దేశాల్లో కరణాలు, వర్తకులు లెక్కలు రాసుకొన్న కడితం అటువంటిది. గుడ్డకు చింతగింజల జిగురు, బొగ్గుపొడి కలిపి పూసి, ఆరబెట్టి, విసనకర్రలా ముందుకూ వెనుకకూ మడిచేవారు. దాని మీద బలపంతో రాసేవారు. అక్కర తీరితే తుడిచివేసి మళ్లీ రాసేవారు. పూత పాతబడితే మళ్లీ పూసేవారు. నల్లని తెర మీద తెల్లని అక్షరం, మడిస్తే చంకలో ఇమిడే పరిమాణం, చెరిపి రాసే వీలు. ఆ అధ్యాపకుడు తరగతిలో కడితం గురించి చెప్పవలసి వచ్చిన రోజున జేబులోనుంచి ఫోను తీసి విప్పి చూపించారు. పాఠం ఎంత మందికి గుర్తున్నదో గాని, ఆ దృశ్యం అందరికీ గుర్తున్నది.

గుడ్డ మడవడం సులభం. వెలుగును మడవడం సులభం కాదు. మడిచే ఫోన్లు లోకానికి కొత్త కావు. 1996లో మోటరోలా సంస్థ స్టార్‌టాక్‌ను, 2004లో రేజర్ వి3ని తెచ్చినప్పుడు వాటిని టపటప మూయడమే యువకులకు ఒక వేడుక. కాని అక్కడ మడిచినది తలుపును మడిచినట్టు. రెండు రెక్కలు, నడుమ బందు. తెర వంగలేదు. తెరనే వంచాలంటే ముందు తెర స్వభావం మారాలి. పాత తెరలలో వెనుకనుంచి దీపం వెలగాలి, ద్రవస్ఫటికాలు రెండు గాజు పలకల నడుమ నిలవాలి. 1987లో కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్‌స్లైక్ అనే శాస్త్రజ్ఞులు విద్యుత్తు ప్రసరిస్తే తానే వెలిగే సేంద్రియ పదార్థపు పలుచని పొరలను రూపొందించి చూపారు. వాటికి వెనుక దీపం అక్కరలేదు. ఆ పొరలను గాజు మీదనే కాక, వేడికి ఓర్చే పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ మీద కూడా పరచవచ్చు. అక్కడినుంచి మడిచే తెర వరకు రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 2018 చివర చైనాకు చెందిన రొయోల్ అనే సంస్థ ఫ్లెక్స్‌పాయ్ పేరుతో మొదటి మడత ఫోనును విక్రయానికి పెట్టింది. 2019 ఫిబ్రవరిలో శామ్‌సంగ్, హువావే సంస్థలు ఒకదాని వెంట ఒకటి తమవి ప్రకటించాయి. మొదటిది తెరను లోపలికి మడిచింది, రెండవది వెలుపలికి.

2020 నుంచి లోపలి తెర మీద ప్లాస్టిక్‌కు తోడు నిజమైన గాజు కూడా చేరింది. దాని మందం 30 మైక్రాన్లు. తల వెంట్రుక కంటె పలుచన. అంత పలుచనిదైతే గాజు కూడా చాపలా వంగుతుంది. అయినా దాన్ని కాగితంలా గట్టిగా నొక్కి మడవరు. మూసినప్పుడు నడిమి భాగం బందు దగ్గర గుండ్రంగా తిరుగుతుంది. బ్యాటరీలు కూడా రెండు, రెక్కకు ఒకటి. పైకి పుస్తకంలా కనిపించే ఆ వస్తువు లోపల గడియారం పనితనం దాగి ఉన్నది.

అయినా మొదటి అడుగులోనే ఎదురుదెబ్బ తప్పలేదు. 2019 ఏప్రిల్‌లో శామ్‌సంగ్ తన మొదటి మడత ఫోనును విడుదలకు ముందు కొందరు సమీక్షకులకు ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే కొన్నింటి తెరలు పాడైనాయి. కొందరు తెర మీది పైపొరను, కొత్త ఫోన్ల మీద ఉండే రక్షణ కాగితమేననుకొని ఊడదీశారు. అది తెరలో భాగమని వారికి తెలియదు. మరికొన్నింటిలో బందు సందులనుంచి చిన్న నలుసులు దూరి తెరను లోపలినుంచి పొడిచాయి. విడుదల వాయిదా పడింది. మార్పులు చేసి సెప్టెంబరులో అమ్మకం మొదలుపెట్టారు. అక్టోబరులో మన దేశానికి వచ్చినప్పుడు దాని ధర 1,64,999 రూపాయలు, బరువు 276 గ్రాములు. తరువాతి నమూనాల్లో బందు లోపల ధూళిని ఊడ్చడానికి చీపురు పుల్లల్లా సన్నని నైలాన్ కుచ్చులు అమర్చారు. నీటికి తట్టుకొనే గుణం కూడా వచ్చింది. ధూళి విషయంలో మాత్రం హామీ చాలాకాలం పలచగానే ఉండిపోయింది. ఫోన్ల వివరాల్లో కనిపించే ఐపీ48 అనే గుర్తులో 8 నీటికి సంబంధించినది, 4 ఘనపదార్థాలకు సంబంధించినది. ఆ 4కు అర్థం ఒక మిల్లీమీటరుకు మించిన నలుసులు లోనికి పోవని. ఒక మిల్లీమీటరంటే ఆవగింజ ఇంచుమించు అంతే. జనగామ ప్రాంతంలో పత్తి ఏరే రోజుల్లో గాలిలో తేలే నూగు ఆవగింజ ప్రమాణంలో ఉండదు.

అటు ప్రయోగశాలలో యంత్రం ఫోనును మడుస్తుంది, విప్పుతుంది. మొదటి నమూనాను రెండు లక్షల సార్లు మడిచి పరీక్షించామని సంస్థ చెప్పింది. రోజుకు నూరు సార్లు వాడినా అయిదేళ్లకు పైగా వస్తుందని లెక్క. లెక్క తప్పు కాదు. కాని యంత్రం ప్రతిసారీ ఒకే బలంతో, నిటారుగా, శుభ్రమైన గదిలో మడుస్తుంది. మనిషి ఒకసారి తొందరలో మూస్తాడు, ఒకసారి నిద్రమత్తులో మూస్తాడు. మే నెల ఎండలో రైలు కిటికీ పక్కన మూస్తాడు. పట్టుచీరకు మడత మార్చుకొనే అవకాశం ఉన్నది. ఈ తెర పుట్టినది మొదలు ఒకే గీత మీద మడుచుకోవాలి.

తల్లి మాటలు రాసుకోవాలనే ఆలోచన ఆయనకు ఆ పట్టుచీర మడిచేటప్పుడే కలిగింది. ఆమె నోట వచ్చే మాటల్లో సగం కళాశాలలో పిల్లలకు తెలియవు. చెరువు నిండి పొర్లే చోటు మత్తడి. నీరు తగ్గినప్పుడు తేలే చెరువు లోపలి భూమి షికం. ధాన్యం పోసే గుమ్మి, నీళ్లు నిలువ చేసే గూన, దున్నిన తరువాత చేను మీద తోలే గుంటుక, పెళ్లికి కట్టే కచ్చురం. కొన్నింటికి నిఘంటువులో అర్థం ఉన్నది, కొన్నింటికి ఉన్నది గాని ఆమె చెప్పే అర్థం కాదు. రాత్రి భోజనమైన తరువాత మంచం పక్కన కూర్చొని, ఫోను విప్పి, ఒకవైపు నిఘంటువు తెరిచి, మరోవైపు ఆమె చెప్పినది రాసుకొనేవారు. ఒక్కొక్క మాటకు ఆమె ఒక కథ చెప్పేది. ''మత్తడి దుంకిన ఏడు నువ్వు పుట్టినవ్'' అని మొదలుపెడితే అది తెల్లవారినా ముగిసేది కాదు. అట్లా ఏడు వందలకు పైగా మాటలు చేరాయి. 2023 డిసెంబరులో ఆమె మరణించింది. జాబితాకు ఆ తరువాత ఒక్క మాటా కలవలేదు.

మరుసటి వేసవిలో, మే నెల మధ్యలో, ఒక ఉదయం ఆయన ఫోను విప్పగానే మడత మీదుగా నిలువునా సన్నని నల్లగీత కనిపించింది. కంటిపొర అనుకొని కళ్లజోడు తుడుచుకొన్నారు. సాయంత్రానికి ఆ గీత వేలి వెడల్పు అయింది. మూడో రోజున కుడి సగం పూర్తిగా చీకటైంది, ఎడమ సగం మీద ఆకుపచ్చని చారలు. విరిగిన చప్పుడు లేదు, కింద పడినది లేదు. భూమి కాగితం కూడా ఎప్పుడు చిరిగిందో ఎవరూ వినలేదు.

మరమ్మతు కేంద్రంలో యువకుడు మర్యాదగానే మాట్లాడాడు. గీత ఒక్కదాన్ని బాగుచేయడమంటూ ఉండదు, లోపలి తెర మొత్తం మార్చాలి, హామీ కాలం ముగిసింది. అతడు చెప్పిన మొత్తానికి బజారులో మంచి కొత్త ఫోను వస్తుంది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు' పేరుతో అంతర్జాలంలో ఒక వేదికను ప్రారంభించింది. మరమ్మతుకు సంబంధించిన సమాచారం ప్రజలకు ఒకచోట దొరకడం మంచిదే. వివరం తెలియడం వేరు, దాన్ని భరించడం వేరు. ఆయన ఆలోచించుకొని చెబుతానని వచ్చేశారు.

ఆయన బెంగ తెర గురించి కాదు. ఏడు వందల మాటలూ ఆ ఫోనులోనే ఉన్నాయి. ఎక్కడో ఉన్న కంప్యూటర్లలో ప్రతులు దాచుకోవచ్చునని కూతురు చెప్పినప్పుడు, ఇంటి మాటలు ఊరందరి పెట్టెలో ఎందుకని ఆయన ఒప్పుకోలేదు. ఇది ఆయన చేసిన పొరపాటే. ఆ విషయంలో ఆయన ఎవరినీ తప్పుపట్టలేదు. ఫోనుకు రెండు తెరలున్నాయన్న సంగతి కంగారులో ఆయనకు తట్టలేదు. కూతురే హైదరాబాదునుంచి గుర్తుచేసింది. ''బయటి తెర సక్కగనే ఉన్నది గద బాపూ, అండ్ల సూడు'' అన్నది. నిజమే. లోపల చీకటైనా వెలుపల దీపం వెలుగుతూనే ఉన్నది. జాబితా మొత్తం క్షేమంగా కనిపించింది. ఆమె చెప్పినట్టే ఆ రాత్రికే దాని ప్రతి ఒకటి ఆమెకు పంపారు. భద్రత విషయంలో పని అక్కడితో ముగిసింది.

కాని ఆయన ముగించలేదు. అంగడినుంచి రెండు వందల పుటల లాంగ్ నోటుబుక్కు తెప్పించి, వేసవి సెలవులన్నీ ఆ మాటలను చేతితో ఎక్కించారు. వెలుపలి తెర ఇరుకు. ఒక మాట, సగం అర్థం కనిపిస్తాయి. తక్కిన సగానికి వేలితో జరపాలి. రోజుకు ముప్పై మాటలు దాటలేదు. విశాలమైన తెర మీద గబగబా రాసుకొన్నప్పుడు కనిపించని తప్పులు ఈ ఇరుకులో బయటపడ్డాయి. 'షికం' దగ్గర తల్లి చెప్పిన కథను రెండు చోట్ల రెండు రకాలుగా రాశారు. ఏది సరైనదో అడగడానికి మనిషి లేదు. రెండూ ఉంచారు.

జూన్‌లో కళాశాల తెరిచారు. ఆయన సాధారణమైన ఫోను ఒకటి కొనుక్కొని, సంచిలో మళ్లీ రెండు పుస్తకాలు వేసుకొని బండెక్కారు. విద్యార్థులు కొత్త పేరు వెదుక్కోలేదు, పాత పేరే సాగింది. కొంతకాలం బాగానే గడిచింది. అయితే అచ్చుపుస్తకాలు ఇంట్లో ఉన్నవి మాత్రమే సంచిలోకి వస్తాయి. ఇంట్లో లేనివి, ఆర్కైవులో బొమ్మలుగా మాత్రమే ఉన్నవి, మళ్లీ చీమల బారు అయినాయి. వేలితో పంక్తిని లాగుతూ నాలుగు పుటలు చదివి మూసేవారు. కన్ను అలవాటు పడిన వెడల్పును మరవడం కష్టం.

2025 ఆగస్టులో కూతురి దగ్గరికి వెళ్లినప్పుడు ఆమె ఆయనను ఒక పెద్ద దుకాణానికి తీసుకుపోయింది. అక్కడ ఆ ఏడాది వచ్చిన కొత్త మడత ఫోనులు ప్రదర్శనకు పెట్టి ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకొన్నారు. బరువు 215 గ్రాములు. విప్పితే మందం 4.2 మిల్లీమీటర్లు. అయిదు లక్షల మడతలకు పరీక్షించినదని అక్కడి అమ్మాయి చెప్పింది. మూడుగా మడుచుకొనే ఫోను కూడా 2024లోనే చైనాలో వచ్చిందట. ఆయన విప్పి, చూపుడు వేలితో తెర నడుమ నెమ్మదిగా రాసి చూశారు. గీత లేకపోలేదు. వెదికితే తగులుతుంది. ధర చీటీ మీద 1,74,999 అని ఉన్నది. దాన్ని జాగ్రత్తగా మూసి, ఉన్నచోటనే పెట్టి, బయటికి వచ్చారు.

మరునాడు పాత ఫోనును మరమ్మతు కేంద్రంలో ఇచ్చి తెర మార్పించారు. కూతురు సగం ఇస్తానంటే వద్దన్నారు. ఇప్పుడది మళ్లీ ఆయన సంచిలో ఉన్నది, తల్లి పాత చీరనుంచి కత్తిరించిన మెత్తని గుడ్డసంచిలో చుట్టి. పిలుపులకు, డబ్బు చెల్లింపులకు సాధారణమైన ఫోను. ఇది చదువుకు మాత్రమే. కాజీపేటలో చోటు దొరికితే గుడ్డతో అంచులు తుడిచి ఒకసారి విప్పుతారు, జనగామ వస్తుండగా ఒకసారి మూస్తారు. సాయంత్రం మళ్లీ అంతే. రోజుకు రెండు మడతలు, ఇంట్లో చదివితే మరో రెండు. ఆ లెక్కన రెండు లక్షల మడతలు పూర్తి కావడానికి ఎంతకాలం పడుతుందని రఘునాథపల్లి దగ్గర ఒకరోజు కాగితం మీద గుణించి చూసుకొన్నారు. 136 ఏళ్లు పైచిలుకు వచ్చింది. ఆ సంగతి కూతురికి ఫోనులో చెబితే ఆమె చాలాసేపు నవ్వి, ''గంతగనం సదువుతవా బాపూ?'' అని అడిగింది. పుస్తకాలు ఇంకా చాలా ఉన్నాయని ఆయన చెబుతుండగా బండి జనగామ చేరింది.